సత్తయ్య మోకు

కాటమయ్య పండుగనాడు ఆ ఊరి కల్లుగీత గౌడ్లందరూ తాటివనంలో చేరతారు. కోనరావుపేట నుంచి లోపలికి పోయే రోడ్డు దిగితే వాగు ఒడ్డున ఉంటుంది ఆ వనం. ఒక చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి, అదే కాటమయ్య. దాని ముందు కత్తులు, కల్లు లొట్లు, మోకులు వరసగా పేర్చి, కొత్త కల్లు సాక పోసి, మేకను కోస్తారు. వచ్చిన ప్రతివాడూ ఆ రాయి ముందు వంగి లేస్తాడు. సత్తయ్య మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికి పోతాడు. ఉడికిందో లేదో ముక్క నోట్లో వేసుకుని చూస్తాడు, కారం చాలలేదని వండేవాళ్ల ప్రాణం తీస్తాడు, అందరికంటే ముందు బంతిలో కూర్చుంటాడు.

“మొక్కకుంట తినుడేంది బావా?” అని గీత సంఘం పెద్ద భీమయ్య ఏటా అడుగుతాడు.

“మీ కాటమయ్య తింటలేడు గద. పాడుగావద్దని నేను తింటున్న.”

ఈ జవాబూ ఏటా ఇదే. నవ్వేవాళ్లు నవ్వుతారు, చెంపలు వేసుకునేవాళ్లు వేసుకుంటారు. సత్తయ్య రెండోసారి వడ్డించమంటాడు.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, నల్లగా ఉంటాడు. ముక్కుమీద కోపం, కానీ పట్టుకుని కూర్చునే కోపం కాదు. చిన్నప్పటి నుంచీ తాటిచెట్లు గీయడం తప్ప మరో పని చేయలేదు. వాదనకు దిగితే ఎదుటివాడు లేచిపోవాలే గాని తను లేవడు. దేవుడి సంగతి ఎత్తితే మరీను. కల్లు తాగడానికి వచ్చినవాళ్లు కావాలనే కెలుకుతారు. అతను కావాలనే దొరుకుతాడు.

అతని నాస్తికత్వం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఒకసారి సిరిసిల్లలో ఎవరో సభ పెట్టి, నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదని జనానికి చూపించారు. సత్తయ్య పనిగట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. “మహిమ లేదని నాకెర్కనే. అయితె గందుకని కాళ్లు గాల్సుకుంటరా?” అని మధ్యలోనే లేచి వచ్చేశాడు. మళ్లీ అటువైపు పోలేదు.

తాటిచెట్టు ఎక్కే మనిషి తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే పెద్ద తాడును మోకు అంటారు. పైకి పోయాక రెండు చేతులూ వదిలి కత్తి పట్టాలి, గెల గీయాలి, నిండిన లొట్టి విప్పి ఖాళీ లొట్టి కట్టాలి. అంతసేపూ మనిషి బరువంతా వెనక్కి ఆ తాడు మీదే ఆని ఉంటుంది. అందుకే ఎక్కేముందు ప్రతి గౌడూ చెట్టును తాకి కళ్లకద్దుకుంటాడు, కాటమయ్యా ఎల్లమ్మా అనుకుంటాడు. సత్తయ్య అనుకోడు. మోకు చుట్టి, కాళ్లకు బంద తాడు వేసుకుని, బస్సెక్కినంత మామూలుగా ఎక్కుతాడు.

“మీరు మీదికి సూసి మొక్కుతరు. నేను మోకు సూసి ఎక్కుత” అంటాడు. ఊళ్లో చిన్నపిల్లలక్కూడా వచ్చిన మాట ఇది.

ఈ మాట వెనక అతని తల్లి ఉంది.

సత్తయ్యకు మీసాలు మొలవకముందే అతని తండ్రి చెట్టు మీదినుంచి పడి చనిపోయాడు. పండుగ చేసి, మేకను కోసి, సాక పోసిన మర్నాడే పడ్డాడు. దినాలు అయ్యాక కులపెద్దలు అరుగు మీద కూర్చుని కారణం వెతికారు. మేకలో తప్పు లేదు, మొక్కులో తప్పు లేదు. మరి దేవుడికి కోపం ఎందుకు వచ్చినట్టు? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. పండుగకు ముందు ఒకనాడు వాన పడుతుంటే, వాకిట్లో తడుస్తున్న మోకును సత్తయ్య తల్లి లోపలికి తెచ్చి పెట్టింది. అప్పుడామె బయట ఉంది. ముట్టులో ఉన్న ఆడది మోకును తాకింది, అందుకే కాటమయ్య మనిషిని దింపేశాడు. పెద్దలు అలా తేల్చి, కల్లు తాగి, ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

వాళ్లన్నారంటే అన్నారు. తల్లి కూడా నమ్మింది. సత్తయ్య తట్టుకోలేకపోయింది దాన్నే. “నా చేతులతోని నేనే సంపుకున్న కొడుకా” అని బతికినన్నాళ్లూ అంటూనే ఉంది. మోకు వేలాడే గోడవైపు వెళ్లేది కాదు. తండ్రితో పాటు కింద పడ్డ ఆ తాడును సత్తయ్య దాచి, ఒకరోజు విప్పి చూశాడు. లోపలి పేటలు కుళ్లి నల్లబడి ఉన్నాయి. తల్లి వానలోంచి తీసుకొచ్చేసరికే అది ఎన్నో వానలు తడిసిన తాడు. తీసుకెళ్లి పెద్దల ముందు పడేస్తే, పిల్లగాడివి నీకేం తెలుసన్నారు. ఆ రోజుతో దేవుడికీ అతనికీ చెల్లిపోయింది.

పెళ్లయింది. సమ్మవ్వ మల్లాపూర్ దిక్కు పిల్ల. బీడీలు చుట్టడంలో ఆ చేతిని మించిన చేయి లేదని పేరు. శుక్రవారం ఒక్కపొద్దు, ఎల్లమ్మకు దీపం, ఏడాదికోసారి వేములవాడ రాజన్న, వీలైతే కొండగట్టు. అంత భక్తురాలిని కట్టుకున్నందుకు భీమయ్య పడీపడీ నవ్వాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున, నలుగురూ వాకిట్లో ఉన్నప్పుడు చూసి, సత్తయ్య పెళ్లాన్ని పిలిచాడు.

“సమ్మవ్వా, గా మోకు తెచ్చియ్యి.”

ఆ పిల్ల నిలువునా బిగుసుకుపోయింది. అత్త కథ అప్పటికే ఆమె చెవిన పడింది. లోపలినుంచి అత్త “అద్దు బిడ్డా, ముట్టకు” అని ఏడుపు గొంతుతో అరిచింది.

“ఇయ్యాలనే గాదు, ఇగ రోజు నువ్వే ఇయ్యాలె. ఏ దినమైనా సరే, ఏ పొద్దయినా సరే. ఏమైతదో సూద్దాం” అన్నాడు సత్తయ్య, వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు.

సమ్మవ్వ గోడకు కొట్టిన గూటం మీది మోకు తీసింది. రెండు చేతుల్లో పట్టుకుని, కళ్లకద్దుకుని, పెదవులు కదుపుతూ ఏదో అనుకుని ఇచ్చింది.

“ముట్టుమంటిగని మొక్కుమంటినా?”

“ముట్టుమన్నవ్, ముట్టిన. మొక్కుడు నాది” అంది. కొత్త పెళ్లికూతురు అంత మాట అంటుందని ఎవరూ అనుకోలేదు.

ఆ పూట చెట్టెక్కిన సత్తయ్యకు ఊరినీ దేవుణ్ణీ ఒక్క దెబ్బకు గెలిచినట్టనిపించింది. తల్లి మీద పడ్డ మాటకు తను బదులు తీర్చుకున్నాడు. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. ఏళ్లు గడిచాయి, ఏమీ కాలేదు. “నా పెండ్లాం అన్ని దినాలల్ల ముట్టింది. నేను పడ్డనా?” అని కల్లు మండువలో ఛాతీ మీద కొట్టుకుని అడిగేవాడు. 

సమ్మవ్వ మొక్కు మాత్రం ఏటికేడు పొడుగవుతూ వచ్చింది. మోకును ఒళ్లో వేసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్యనుంచి నెమ్మదిగా జారవిడిచేది. ఒక్కోచోట ఆగేది. పెదవులు కదిలేవి. అంతా అయ్యాక కళ్లకద్దుకుని ఇచ్చేది. సత్తయ్య గడప దగ్గర నిలబడి బీడీ తాగుతూ గొణిగేవాడు.

“ఎంతసేపే? నీ దేవునికి చెవుడా ఏంది?”

ఆమె వేళ్లు ఆగేవి కావు. మధ్యమధ్యలో ఎల్లమ్మ ఆమె కలలోకి వచ్చేది. “మోకు మార్సుమని సెప్పింది” అనేది సమ్మవ్వ. సత్తయ్య ఒంటికాలి మీద లేచేవాడు. మీ ఎల్లమ్మకు వేరే పని లేదా, మా ఇంట్ల తాళ్లు లెక్కవెట్టుకుంట కూసుంటదా అని ఇల్లెగిరిపోయేట్టు అరిచేవాడు. సమ్మవ్వ మాటాపలుకూ మానేసేది. ఇంట్లో ఈ మౌనం కంటే కొత్త మోకే నయమని చివరికి తెచ్చుకునేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మోకు సూసి ఎక్కుత అనే సత్తయ్య, పెళ్లయిన మొదటి రెండు మూడేళ్లు నిజంగానే చూసేవాడు. తరవాత తరవాత చూడ్డం తగ్గింది. ఎప్పుడు చూసినా తాడు బాగానే ఉండేది. బాగున్నదాన్ని రోజూ ఏం చూస్తాం? ఆ తరవాత ఆ మాట ఒక్కటే మిగిలింది. దాన్ని మాత్రం రోజూ అనేవాడు.

సమ్మవ్వ కళ్లకు శుక్లాలు వచ్చాయి. ముందు బీడీలు మానేసింది, తరవాత సూదిలో దారం ఎక్కించడం మానేసింది. ఒక్కగానొక్క బిడ్డ నవనీతను కోరుట్లలో ఇచ్చారు. అక్కడ జాకెట్లు కుడుతుంది. ఆమె వచ్చి, జగిత్యాలలో ఆపరేషన్ చేయించి కొన్నాళ్లు తన దగ్గరే ఉంచుకుంటానని తల్లిని తీసుకుపోయింది. ఆటో ఎక్కేముందు సమ్మవ్వ వెనక్కి తిరిగింది.

“మోకు గూటానికి ఎయ్యి. కింద పడెయ్యకు. ఎక్కేటప్పుడు జెర...”

“మొక్కాల్నా?” అని సత్తయ్య మాట మధ్యలోనే తుంచేశాడు.

“నీ ఇష్టం” అని ఆమె ఎక్కి కూర్చుంది.

సత్తయ్య వండుకున్నాడు, తిన్నాడు, గిన్నెలు అలాగే వదిలేశాడు. మోకును వనం నుంచి వస్తూనే వడ్ల బస్తా పక్కన పడేశాడు. మోకుకు కల్లు వాసన ఉంటుంది, తీపి ఉంటుంది. వడ్ల బస్తా దగ్గర ఎలుకలుంటాయి. వారం తిరిగాక ఒక పొద్దున, ఇచ్చేవాళ్లు లేరు కనుక తనే వంగి తీసుకుని భుజాన వేసుకుని వనానికి పోయాడు. వాగు ఒడ్డు చెట్టుకు మోకు చుట్టాడు. మామూలుగానే ఎక్కాడు.

సగం పైకి పోయాక నడుము వెనక టప్పుమని చప్పుడైంది. తాడు సాగి, ఒళ్లు ఒక్కసారి వెనక్కి జారింది. ఒక పేట తెగింది. రెండోది తెగుతోంది. సత్తయ్య రెండు చేతులతో చెట్టును కావలించుకున్నాడు. ఛాతీని, మోచేతులను, తొడలను మానుకు అదిమిపెట్టి, చర్మం లేచిపోతుంటే అంగుళం అంగుళం కిందికి జారాడు. నేల తగిలాక లేవలేక చెట్టు మొదట్లోనే కూలబడ్డాడు. ఒళ్లంతా గీరుకుపోయి రక్తం.  భయం వేసింది. తండ్రి గుర్తొచ్చాడు, ఏడుపు వచ్చింది. ఏడ్చాడు.

పక్క చెట్టు మీదినుంచి చూసిన భీమయ్య దిగి పరుగెత్తుకొచ్చాడు. నీళ్లు తాగించాడు, తన కండువాతో ఒళ్లు తుడిచాడు. తుడుస్తూనే అడిగాడు.

“జారేటప్పుడు ఎవలిని యాది జేసుకున్నవ్ బావా? నిజం సెప్పు.”

సత్తయ్య నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

“ఎవలినీ లేదు. చెట్టును గట్టిగ పట్టుకున్న. అదొక్కటే మతిల ఉండె.”

“కాటమయ్యనే నిన్ను దించిండు. ఒక మేక ఇయ్యి.”

“ఎలుక కొరికింది భీమయ్యా. గిటు సూడు, పండ్ల గాట్లు.”

“ఎలుకను పంపిందెవలు?”

ఇంకో రోజైతే దీని మీద పొద్దుగూకేదాకా వాదన నడిచేది. ఆ పూట సత్తయ్య తల కూడా ఎత్తలేదు. ఒళ్లో ఉన్న మోకును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ల తరవాత మొదటిసారి చూస్తున్నాడు. ఎలుక కొరికిన చోటు ఒకటి. అది కాక ఇంకా నాలుగైదు చోట్ల తాడు మీద ఏదో సన్నటి చుట్టు. రుద్దుకుని నూలు లేచినచోటల్లా ఎవరో దారాన్ని పేనుకుని, ఒత్తుగా, వరస తప్పకుండా చుట్టి, కొస లోపలికి దూర్చి ముడేశారు. మైనం కూడా పట్టించారు. దారం బీడీలు చుట్టే దారం. ఆ ముడి ఎవరి చేతిదో ఆ ఇంట్లో పెరిగిన పిల్లికి కూడా తెలుసు.

మర్నాడు, ఒళ్లు మంటలు పుడుతున్నా, సత్తయ్య చొక్కా తొడుక్కుని మోకును సంచిలో కుక్కుకుని బయల్దేరాడు. వేములవాడలో కోరుట్ల బస్సెక్కాడు. సంచి ఒళ్లోనే పెట్టుకున్నాడు. కండక్టర్ అందులో ఏముందని అడిగితే చెప్పలేదు. దారి పొడుగునా అతనికి ఒక్కటే ఆలోచన. ఇన్నేళ్లూ తను పడకపోవడాన్ని చూపించి దేవుడు లేడని నిరూపిస్తూ వచ్చాడు. దానికి ఆధారం తన జాగ్రత్త అనుకున్నాడు. తన జాగ్రత్త ఎక్కడుంది? వడ్ల బస్తా పక్కన పడి ఉంది.

సమ్మవ్వ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవనీత ఇంట్లో మంచం మీద కూర్చుని ఉంది. నవనీత తండ్రి చేతుల మీది దెబ్బలు చూసి కెవ్వుమంది.

“ఏమైంది బాపూ?”

“ఏం గాలె. చాయ్ పెట్టుపో” అని బిడ్డను లోపలికి పంపి, సంచిలోంచి మోకు తీసి సమ్మవ్వ చేతుల్లో పెట్టాడు.

 అద్దాల వెనక కళ్లు మూసుకునే ఉన్నాయో తెరిచి ఉన్నాయో తెలియదు. వేళ్లు తాడు మీద నడిచాయి. తెగినచోట ఆగాయి. ఆమె మొహం పాలిపోయింది.

“కింద పడేసినవా?”

“పడేసిన.”

“సూడకుంటనె ఎక్కినవా?”

సత్తయ్య తలదించుకున్నాడు. జీవితంలో ఏ దేవుడి ముందూ దించని తల.

“గీ దారం సుట్లు ఎప్పటియే?” అని అడిగాడు.

“ఎప్పటియి అంటె ఏం జెప్పాలె? అరిగినప్పుడల్ల సుట్టిన. మరీ అరిగితె మార్సుమన్న.”

“మార్సుమన్నది ఎల్లమ్మ గదా? కలల అచ్చి?”

సమ్మవ్వకు నవ్వు వచ్చింది. “నేను జెప్తె ఇంటవా నువ్వు? నాకెర్కలేదా అని మీదికి లేస్తవు. అమ్మ పేరు సెప్తె తిట్టుకుంటనన్న తెచ్చుకుంటవని గట్ల సెప్పిన. అమ్మకు దండం పెట్టి తప్పయిందన్న, ఆమె ఏమనుకోలె.”

“మరి రోజు గంతసేపు మొక్కినట్టు...”

“సూసుకుంట మొక్కిన. మొక్కుకుంట సూసిన. అంత ఒకటే పని.”

“దేవుడు సూసుకుంటడని నమ్మవచ్చు గద. అంత నమ్మకమున్నదానివి.”

సమ్మవ్వ మోకును ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. ఆమె గొంతు మారింది.

“నాడు పది మందిల నా చేతుల మోకు పెట్టించినవు. నువ్వు గొప్పోనివైనవు. నువ్వు పడితె? మీ అవ్వనన్నట్టె నన్ననరా? సమ్మవ్వ ముట్టింది, మొగడు సచ్చిండు అనరా? మీ అవ్వ ఎట్ల సచ్చిందో నేను దగ్గరుండి సూసిన. దేవుణ్ణి నమ్మి ఊకుందునా? నిన్ను నమ్మి ఊకుందునా? ఇద్దరిని నమ్మలె నేను. అందుకే రోజు సూసిన.”

 తల్లి మీది మాటను తుడిచేశానని సత్తయ్య ఇన్నేళ్లూ అనుకున్నాడు. తీసుకెళ్లి దాన్ని పెళ్లాం చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని రోజూ పొద్దున ఒళ్లో వేసుకుని కూర్చుంది, అతను గడప దగ్గర బీడీ తాగుతూ వేళాకోళం చేశాడు. సిగ్గుతో అతనికి ఒళ్లు చచ్చిపోయింది.

“తప్పయిందే సమ్మవ్వా” అన్నాడు చివరికి.

“నాకంటె నీకే నమ్మకం ఎక్కువ పో” అంది ఆమె, మళ్లీ నవ్వుతూ. “సూడకుంటనె ఎక్కినవు గద.”

నవనీత చాయ్ తెచ్చేసరికి ఇద్దరూ కళ్లు తుడుచుకుంటున్నారు. కళ్లలో చేయి పెట్టొద్దని డాక్టర్ చెప్పలేదా అని ఆమె తల్లిని కోప్పడింది.

సత్తయ్య ఆ తరవాత మారలేదు. మేక ఇవ్వలేదు. పండుగకు వెళ్తే నేరుగా పొయ్యి దగ్గరికే పోతాడు. మోకు సూసి ఎక్కుత అనే మాట మాత్రం మానేశాడు. ఎవరైనా గుర్తుచేస్తే, “మా ఇంట్ల సూసేటోళ్లు వేరే ఉన్నరు” అంటాడు.

తరవాత సర్కారువాళ్లు గీత కార్మికులకు బెల్టులు, క్లిప్పులు ఉన్న సేఫ్టీ కిట్లు ఇచ్చారు. దానికీ కాటమయ్య పేరే పెట్టారని భీమయ్య విరగబడి నవ్వాడు. “పేరు ఆయనది, బెల్టు మనది” అని సత్తయ్య కిట్టు ఇంటికి తెచ్చాడు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని ప్రతి కుట్టూ, ప్రతి క్లిప్పూ లాగి లాగి చూసుకున్నాడు. అప్పుడు తీసుకెళ్లి సమ్మవ్వకు ఇచ్చాడు.

“కంపెనోళ్లు సూసిన్రు, ఆఫీసర్లు సూసిన్రు. నేను గూడ మంచిగ సూసిన” అన్నాడు.

“మంచిదే” అంది సమ్మవ్వ. బెల్టును ఒళ్లో వేసుకుని, మొదటి కుట్టు నుంచి మొదలుపెట్టింది.